అనుకున్నావా, చూశావా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



"పిల్లల డాక్టరువి కదా, ఓ పది నిమిషాలు మాట్లాడు" అని కార్యదర్శిగారు ఫోన్ చేశారు. నేను ఇన్నేళ్లుగా ఎక్కువగా చూస్తున్నది ఒక్క రకం పిల్లల్నే, నెలలు నిండకుండా పుట్టినవాళ్లని. కాబట్టి వాళ్ల సంగతే చెబుతాను. అది ఈ బడిలోనే మొదలైంది మరి.

తొమ్మిదో తరగతిలో సైన్సు మాస్టారు పాఠం చెబుతుంటే నేను లేచి, "ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుందట, ఎనిమిదో నెలలో పుడితే బతకదట, ఎందుకు సార్?" అని అడిగాను. ఆయన కోప్పడలేదు. "అనుకున్నావా, చూశావా?" అన్నారు. మా నాయనమ్మ చెప్పిందన్నాను. "ఆవిడ ఎంతమందిని చూసింది?" అని ఒక చీటీ రాసి, శనివారం మధ్యాహ్నం నన్ను ఆరోగ్య కేంద్రం నర్సమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ కాన్పుల రిజిస్టరు నా ముందు పెట్టి తన పనిలో పడిపోయింది. రెండేళ్ల పేజీలు తిరగేస్తే ఎనిమిదో నెల కాన్పులు నాలుగు దొరికాయి. ముగ్గురు బతికారు. సోమవారం గర్వంగా వచ్చి నాయనమ్మ మాట తప్పని ప్రకటించాను. మాస్టారు నవ్వి, "నాలుగుతో ఏం తేలుతుందమ్మాయ్? ఇంకా తెలియదని రాసుకో" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

మాస్టారు ముందు వరుసలోనే ఉన్నారు. సార్, మీకు గుర్తుండకపోవచ్చు. ఆ లెక్క ఇప్పుడు తేలింది. మామూలు కాన్పు 40 వారాలకి. 37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని బిడ్డ అంటాం. 2020లో ప్రపంచం మొత్తం మీద అలాంటివాళ్లు 1 కోటీ 34 లక్షల మంది పుట్టారని అంచనా. అందులో మన దేశంలోనే దాదాపు 30 లక్షలు. కడుపులో ఉన్న ఒక్కొక్క వారమూ బిడ్డకి బలమే. ఎనిమిదో నెల బిడ్డ ఏడో నెల బిడ్డకంటే బాగా బతుకుతుంది. మా నాయనమ్మ మాట తప్పే, కాకపోతే నా నాలుగు పేర్లతో కాదు.

ఇక అసలు విషయం, ఆక్సిజన్ గురించి. ఊపిరాడని పసిగుడ్డుకి ఆక్సిజన్ పెట్టడంలో తప్పేముందని ఎవరైనా అనుకుంటారు. 1940లలో అమెరికాలో పెద్ద పెద్ద ఆసుపత్రులవాళ్లూ అలాగే అనుకున్నారు. కొత్తగా వచ్చిన ఇంక్యుబేటర్లు గాలి బయటికి పోకుండా బిగువుగా ఉండేవి. వాటిలో ఆక్సిజన్ ధారాళంగా పెట్టేవారు. పిల్లలు గులాబీ రంగులోకి వచ్చేవారు, చూసినవాళ్ల మనసు కుదుటపడేది. అదే సమయంలో బాగా చూసుకున్న ఆసుపత్రుల్లోనే పిల్లలకి చూపు పోసాగింది. 1942లో బోస్టన్‌లో టెర్రీ అనే కంటి డాక్టరు ఈ జబ్బుని మొదట వర్ణించారు. కారణం పట్టుకోవడానికి పదేళ్లు పైన పట్టింది. ఈలోగా ప్రపంచం మీద 10,000 మంది దాకా పిల్లలు గుడ్డివాళ్లయ్యారు. 1950లో నెలలు నిండకుండా పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ వాళ్లలో ఒకరు.

కడుపులో ఉన్న బిడ్డకి అందే ఆక్సిజన్ మనకంటే చాలా తక్కువ. ఆ తక్కువలోనే కంటి వెనక రెటీనా మీద రక్తనాళాలు మెల్లగా అల్లుకుంటూ, నెలలు నిండే సమయానికి అంచుదాకా చేరతాయి. ముందే పుట్టిన బిడ్డకి ఆ అల్లిక సగంలో ఉంటుంది. ఆక్సిజన్ ఎక్కువైతే అది ఆగిపోతుంది. కొన్ని వారాలకి ఆకలిగొన్న రెటీనా మీద నాళాలు అడ్డదిడ్డంగా పుట్టుకొచ్చి, చివరికి ఆ పొరనే లాగి ఊడదీస్తాయి. ఇదంతా లోపల జరుగుతుంది. పైకి కన్ను చక్కగా, కాటుక పెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంటుంది.

1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే డాక్టరు ఆక్సిజన్ మీదే అనుమానం పెట్టారు. వాషింగ్టన్‌లో ఆర్నల్ పాట్జ్ అనే యువ కంటి డాక్టరు కొందరు పిల్లలకి ఎక్కువ ఆక్సిజన్, కొందరికి అవసరమైనంతే ఇచ్చి పోల్చి చూడాలనుకున్నారు. అక్కడొక చిక్కొచ్చింది. రాత్రి డ్యూటీ నర్సులు, తక్కువ ఆక్సిజన్‌లో ఉన్న పిల్లల మీద జాలిపడి, డాక్టర్లు వెళ్లాక మీట తిప్పి ఆక్సిజన్ పెంచేవారు. నన్నడిగితే ఆ నర్సులని తప్పు పట్టలేను. ఆ రోజుల్లో ఆ వార్డులో నేనుంటే నేనూ తిప్పేదాన్ని. చివరికి 1953-54లో 18 ఆసుపత్రులు కలిసి పరీక్షించాక అనుమానం రుజువైంది.

కథ అక్కడితో అయిపోలేదు. భయపడి అందరూ ఆక్సిజన్ బాగా తగ్గించేశారు. కళ్లు మిగిలాయి, ప్రాణాలు పోయాయి. మరి ఎంత ఇవ్వాలి? ఈ ప్రశ్నకి గట్టి జవాబు కావాలంటే మన తరం దాకా ఆగాల్సి వచ్చింది. 28 వారాలకంటే ముందు పుట్టిన దాదాపు 5,000 మంది పిల్లల్ని, తల్లిదండ్రుల అనుమతితో, రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి రక్తంలో ఆక్సిజన్ 85 నుంచి 89 శాతం, ఇంకో గుంపుకి 91 నుంచి 95 శాతం. ఏ బిడ్డ ఏ గుంపో వార్డులో ఎవరికీ తెలియకుండా మీటర్లలోనే అంకెలు కొంచెం మార్చి పెట్టారు. జాలిపడి మీట తిప్పే అవకాశం ఎవరికీ లేదన్నమాట. 2018లో లెక్కలన్నీ కలిపి చూస్తే, తక్కువ ఆక్సిజన్ గుంపులో 19.9 శాతం మంది చనిపోయారు, ఎక్కువ గుంపులో 17.1 శాతం. కంటికి చికిత్స అవసరమైనవాళ్లు తక్కువ గుంపులో 10.9 శాతం, ఎక్కువ గుంపులో 14.9 శాతం. అందుకే ఇప్పుడు మేము ఎక్కువ వైపే ఉంచి, కళ్లని మాత్రం విడిగా కాపలా కాస్తాం. ఆ కాపలా తప్పితే లెక్క మొత్తం తప్పుతుంది.

నేను తప్పాను. అది చెప్పడానికే ఇంతసేపు తీసుకున్నాను.

2004లో నేను ఒక జిల్లా కేంద్రంలో పనిచేస్తున్నాను. 29 వారాలకి, 1,150 గ్రాముల ఆడపిల్ల. తండ్రి ఆటో నడిపేవాడు. నాలుగు మంచాలకి ఒక్క ఆక్సిజన్ మీటరు, సిలిండర్ నుంచి నేరుగా ఆక్సిజన్. పద్దెనిమిది రోజులు పోరాడాం. 42వ రోజున పాపని ఇంటికి పంపేటప్పుడు మేము స్వీట్లు పంచుకున్నాం. డిశ్చార్జి కాగితంలో విటమిన్ చుక్కల గురించి, టీకాల గురించి నా చేత్తోనే రాశాను. కంటి పరీక్ష గురించి ఒక్క ముక్క రాయలేదు. జంటనగరాల్లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్లు అప్పటికే నర్సరీలకి వెళ్లి ఇలాంటి పిల్లల కళ్లు చూస్తున్నారు. నేను ఆ జబ్బు మీద జవాబు రాసి పరీక్ష పాసైనదాన్ని. పాప బతికిందన్న సంతోషంలో కళ్లు బాగానే ఉంటాయని అనుకున్నాను.

నాలుగో నెలలో మళ్లీ తీసుకొచ్చారు. "పాప మా మొహం చూడట్లేదు డాక్టరమ్మా, గొంతు వినపడితేనే తిరుగుతోంది" అంది తల్లి. టార్చి వేసి చూస్తే పాపలు తెల్లగా కనిపించాయి. కంటి ఆసుపత్రివాళ్లు రెండు రెటీనాలూ ఊడిపోయాయన్నారు. మొదటి వారాల్లో లేజర్ చేస్తే చూపు దక్కేది. తిరిగొచ్చాక నేను ఆ తండ్రికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "బతికించారు కదమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఈ సభలో చాలామంది అమ్మమ్మలు, తాతయ్యలు అయ్యారు. అందుకని ఒక్క మాట గట్టిగా చెబుతాను. మీ ఇంట్లోగానీ, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికిగానీ 34 వారాలలోపు, లేదా రెండు కిలోలకంటే తక్కువ బరువుతో బిడ్డ పుడితే, 30 రోజులలోపు రెటీనా పరీక్ష జరగాలి. 28 వారాలకన్నా ముందు పుట్టినా, 1,200 గ్రాములకన్నా తక్కువున్నా రెండు మూడు వారాలకే జరగాలి. ఒక్కసారి చూస్తే చాలదు, నాళాలు అంచుదాకా చేరేవరకు డాక్టరు చెప్పిన తేదీకల్లా మళ్లీ మళ్లీ వెళ్లాలి. "ఇంకా చంటిది, ఎండలో ఎందుకు తిప్పడం" అని వాయిదా వేయకండి. డాక్టరు మరిచిపోతే మీరు అడగండి. మేమూ మరిచిపోతాం.

అమ్మల గురించి కూడా ఒక మాట. నేను చదువుకునే రోజుల్లో తల్లిని నర్సరీలోకి రానిచ్చేవాళ్లం కాదు. అద్దంలోంచి చూసి వెళ్లేది. ఇన్‌ఫెక్షన్ వస్తుందని అనుకునేవాళ్లం. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గర్ రే అనే డాక్టరు పసికందుల్ని తల్లుల రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టించారు. కంగారూ పద్ధతి అన్నారు దాన్ని. అప్పట్లో పేదల ఉపాయంగానే చూశారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల ఆసుపత్రుల్లో 3,000 మందికి పైగా పిల్లల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పరీక్షించింది. పుట్టినవెంటనే తల్లి గుండె మీద పెట్టిన పిల్లల్లో మొదటి 28 రోజుల్లో చనిపోయింది 12 శాతం. ముందు యంత్రాల దగ్గర ఉంచి, కుదుటపడ్డాక తల్లికి ఇచ్చినవాళ్లలో 15.7 శాతం. తేడా అంత స్పష్టంగా కనిపించేసరికి పరీక్ష మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. బిడ్డని గుండెకి హత్తుకోమని మా నాయనమ్మ కూడా అనేది. ఎనిమిదో నెల దగ్గర పోయిన మార్కులు ఆవిడకి ఇక్కడ వేయాలి.

ఆ పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, బ్రెయిల్‌లోనూ, మాట్లాడే కంప్యూటరుతోనూ. నన్ను అత్తా అంటుంది. తన కళ్ల సంగతి మొత్తం తనకి నేనే చెప్పాను, పన్నెండో ఏట. ఆ రోజు సంగతి మాత్రం ఇక్కడ చెప్పను.

2004 నుంచి నేను ఎక్కడ పనిచేసినా బల్ల మీద ఒక రిజిస్టరు ఉంటుంది. బిడ్డ పేరు, ఎన్ని వారాలకి పుట్టింది, బరువు, కంటి పరీక్ష తేదీ, మళ్లీ ఎప్పుడు. ప్రతి సోమవారం నేనే చూస్తాను. మొన్న సోమవారం పదకొండు పేర్లున్నాయి. తొమ్మిదింటికి టిక్కు పడింది. మిగతా రెండు ఇళ్లకీ ఆ మధ్యాహ్నమే సిస్టర్ ఫోన్ చేసింది. ఒకళ్లు గురువారం వస్తామన్నారు. రెండో నంబరు స్విచ్చాఫ్. ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరు దొరికింది. ఈ సభ కాగానే ఆవిడకి ఫోన్ చేయాలి.