ఉద్యోగి మనసు ఎక్కడ నిలుస్తుంది?
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

ముప్ఫై ఏళ్లు హెచ్‌ఆర్‌ శాఖలో పనిచేశాను కాబట్టి, ఉద్యోగికి సంస్థ మీద మమకారం ఎలా కలుగుతుందో చెప్పమన్నారు. పొద్దున్నే మన బెంజ్ సర్కిల్లో నిలబడితే ఆటోనగర్ వైపు పనికి వెళ్లేవాళ్లు వందలమంది కనిపిస్తారు. అందరూ వెళ్లేది పనికే. కానీ అందర్నీ నడిపించే కారణం ఒక్కటి కాదు.

కెనడా పరిశోధకులు మేయర్, ఆలెన్ 1991లో దీన్ని మూడు రకాలుగా విడదీశారు. ఇష్టపడి ఉండటం, మానేస్తే నష్టపోతామని ఉండటం, ఉండటమే ధర్మమనుకుని ఉండటం. ఒకే మనిషిలో మూడూ కలిసి ఉండొచ్చు. అయితే పనితీరుతో, హాజరుతో గట్టి సంబంధం మొదటిదానికే ఉందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

ఈ సంగతి నేను పుస్తకం కన్నా ముందు ఇంట్లోనే చూశాను. మా నాన్నగారు ఆర్టీసీ కండక్టరు. దివిసీమలో నైట్ హాల్ట్ బస్సు ఆయన డ్యూటీ. ‘ఆర్టీసీ బస్సు’ అనేవారు కాదు, ‘మన బండి’ అనేవారు. తెల్లవారుజామున మొదటి ట్రిప్పు తప్పితే ఆ ఊరి పిల్లలకు కాలేజీ పోతుందని ఆయనకు నిద్ర పట్టేది కాదు. తన పని ఎవరికి ఉపయోగపడుతోందో ఆయన రోజూ కళ్లారా చూసేవారు.

2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు. ఎంతో కాలంగా కోరుకున్న భద్రత దక్కింది. భద్రత చాలా అవసరం. కానీ అది ఉద్యోగం వదలకుండా చేస్తుందే తప్ప, ‘మన బండి’ అనిపించదు. ఆ మాట డిపోలో పక్కనున్నవాళ్ల తీరును బట్టి, పై అధికారి న్యాయాన్ని బట్టి వస్తుంది.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక కంపెనీలో పద్దెనిమిదేళ్ల అనుభవమున్న లేత్ ఆపరేటరు రాజీనామా ఇచ్చాడు. జీతం పెంచుతామన్నాను. “జీతం కాదు సార్. నన్ను వేరే యూనిట్‌కు మార్చిన సంగతి నోటీసు బోర్డు మీద చదువుకున్నాను. నాతో ఒక్క మాట అనుంటే వెళ్లేవాణ్ణే” అన్నాడు. ఆ నోటీసు మీద సంతకం నాదే. అతను ఉండలేదు. ఆ తర్వాత ఏ బదిలీ కాగితమైనా, ముందు మనిషిని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాకే సంతకం పెట్టాను. కొందరు ఒప్పుకోలేదు, కొందరు కోప్పడ్డారు. కానీ తెలియకుండా జరిగిందని ఎవరూ అనలేదు.

మనలో చాలామంది చేతికింద ఇప్పుడు పదిమంది, వందమంది ఉన్నారు. ఒకరి బతుకును కదిలించే నిర్ణయం తీసుకుంటే ఆ మాట ముందుగా వాళ్లకే చెప్పండి. కారణం చెప్పండి. వాళ్లు చెప్పేదీ వినండి.

ఈ బడి మనకు జీతమిచ్చిందేమీ లేదు. ఒక రోజు రాకపోతే మర్నాడు “నిన్న ఏమైందిరా?” అని మాస్టారు అడిగేవారు. అలా అడిగారు కాబట్టే ఇన్నేళ్లకూ వచ్చి కూర్చున్నాం.

సెలవు.