వాక్యం ఎక్కడ తెగుతుంది?
(స్మారకోపన్యాస పాఠం)



ఏ గురువుగారి స్మృతిలో ఈ ధర్మనిధి ఏర్పడిందో వారు జీవితమంతా తెలుగు వాక్యాన్ని బోధించారు. కర్త ఏది, కర్మ ఏది అని అడిగే ముందు వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూడమనేవారు. ఇవాళ ఆ మొదటి పాఠాన్ని కంప్యూటరుకు చెప్పవలసిన పని మనమీద పడింది. నియమాలతో నడిచే ప్రోగ్రాముతో తెలుగు పాఠాన్ని వాక్యాలుగా ఎలా విడగొట్టాలో, ఆ నియమాలను ఎవరు రాయాలో మనవి చేస్తాను.

ఎందుకింత పట్టింపు

అనువాద యంత్రం చాలావరకు వాక్యం వెంట వాక్యంగా పనిచేస్తుంది. చూపులేనివారికి పుస్తకం చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఎక్కడ ఆగాలో వాక్యపు హద్దును బట్టి తెలుసుకుంటుంది. 2021లో వెలువడిన 'సమానంతర్' సంకలనంలో ఇంగ్లీషుకూ, తెలుగుతో సహా 11 భారతీయ భాషలకూ మధ్య 4.97 కోట్ల వాక్యాల జతలున్నాయి. ఇలాంటి జతలు కుదరాలంటే రెండు వైపులా వాక్యాలు సరిగ్గా తెగి ఉండాలి. గేల్, చర్చ్ 1993లో ప్రకటించిన ప్రసిద్ధ పద్ధతి వాక్యాల పొడవులను పోల్చి జత కలుపుతుంది. తెలుగు వైపు ఒక వాక్యం రెండు ముక్కలైతే ఆ పొడవులు తప్పుతాయి. తప్పిన జతతో నేర్చుకున్న యంత్రం తప్పుడు తెలుగే రాస్తుంది.

ఒక వాక్యం, ఐదు చుక్కలు

'డా. సి. నారాయణరెడ్డి క్రీ.శ. 1931లో జన్మించారు.' ఈ వాక్యంలో చుక్కలు ఐదు. వాక్యాన్ని ముగించేది చివరిది ఒక్కటే. కంప్యూటర్లలో పాఠాన్ని ఎలా విడగొట్టాలో చెప్పే యూనికోడ్ 29వ అనుబంధంలోని సాధారణ నియమాలను మార్పు లేకుండా వాడితే ఇది ఐదు ముక్కలవుతుంది. 'క్రీ' ఒక ముక్కలోనూ 'శ' మరో ముక్కలోనూ పడతాయి. 'కి.మీ.' కూడా నడిమికి తెగుతుంది.

ఇందుకు కారణం ఉంది. చుక్క తరువాత చిన్న అక్షరం వస్తే వాక్యం ముగియలేదని ఆ నియమాలు గుర్తిస్తాయి. రెండు పక్కలా ఉన్న పెద్ద అక్షరాలను చూసి ఇంగ్లీషు పొడి అక్షరాలను కలిపి ఉంచుతాయి. తెలుగు లిపిలో ఆ భేదం లేదు గనక ఆ రక్షణ తెలుగుకు అందదు.

పెద్ద అక్షరాలున్న ఇంగ్లీషుకే ఇది తేలిక కాలేదు. బ్రౌన్ విశ్వవిద్యాలయం సేకరించిన పాఠ సంపుటిలో చుక్కల్లో పొడి అక్షరాలవి 10 శాతం. వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక పాఠంలో అవి 47 శాతమని పరిశోధకులు లెక్కగట్టారు. భాష ఒకటే, రచన తీరు మారింది, అంతే. నవలకు సరిపోయిన నియమం వార్తాపత్రికకు సరిపోతుందని ముందుగా అనుకోకూడదు. తెలుగులో పద్యకావ్యాల ముద్రణనే తీసుకోండి. పంక్తి మొదట 'ఉ.' ఉంటే ఉత్పలమాల. ఆహ్వానపత్రికలో 'ఉ. 9 గంటలకు' అంటే ఉదయం. రెండు చోట్లా వాక్యం తెగదు, కానీ ఆ సంగతి తేల్చే గుర్తులు వేరు. మొదటిదానికి పంక్తిలోని స్థానం గుర్తు. రెండోదానికి వెంట వచ్చే అంకె గుర్తు.

ఆకాంక్ష అనే పరీక్ష

జైమిని మీమాంసా సూత్రాల రెండో అధ్యాయంలో వాక్యానికి ఒక లక్షణం చెప్పారు. ఒకే ప్రయోజనం కోసం కూడి, విడదీస్తే ఇంకేదో కావాలనే ఆకాంక్ష మిగిలే పదసమూహం ఒక వాక్యమని దాని తాత్పర్యం. వాక్యాలను విడగొట్టే ప్రోగ్రాము రాసేవారికి ఇంతకంటే పనికొచ్చే సూత్రం నాకు కనిపించలేదు. 'ఈ చుక్క దగ్గర కోస్తే ఎడమ ముక్కకు ఆకాంక్ష మిగులుతుందా?' అన్న ప్రశ్నే ప్రతి నియమానికీ మూలం.

ఈ ప్రశ్న వేయగానే పొడి అక్షరాలు రెండు వర్గాలుగా విడిపోతాయి. 'డా.', 'ప్రొ.' పేరును కోరతాయి. 'రూ.', 'క్రీ.శ.' అంకెను కోరతాయి. ఇవి ముందుకు చూసేవి, వీటి దగ్గర కోయకూడదు. 'కి.మీ.', 'ఎం.ఎ.' అలా కావు. వాటికి కావలసినది అప్పటికే వచ్చేసింది. 'ఆయన చదివింది ఎం.ఎ.' అన్నప్పుడు ఆ చుక్క పొడి అక్షరానిదీ, వాక్యాంతానిదీ కూడా. మోసెస్ అనే అనువాద పనిముట్లతో వచ్చే పొడి అక్షరాల జాబితాల్లో అంకె వెంట వస్తేనే కోయవద్దనే ప్రత్యేక వర్గం ఉంది. మీమాంసకుల ప్రశ్నను ఆ ఇంజనీర్లు తమ దారిలో తామే వేసుకున్నారన్నమాట.

పేర్ల ముందు ఇనీషియల్స్ విషయంలో తెలుగుకు ఒక సౌకర్యం ఉంది. ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల పేర్లే తెలుగులో రాస్తారు: ఎ, బి, సి మొదలుకొని జడ్ దాకా. ఇవి 26. 'హెచ్', 'ఎచ్' వంటి రూపభేదాలు కలిపినా జాబితా చిన్నదే. తెలుగు అక్షరాలనే ఇనీషియల్స్‌గా రాసుకునేవారూ ఉన్నారు. అక్కడ జాగ్రత్త కావాలి, ఎందుకంటే 'ఇటు రా.' అన్నది నిండు వాక్యం.

ఎడమవైపు చూడాలి

ఇంగ్లీషు నియమాలు ముఖ్యంగా చుక్కకు కుడివైపు చూస్తాయి. తెలుగు నియమం ముందు ఎడమవైపు చూడాలి. మన వాక్యం సాధారణంగా సమాపక క్రియతో ముగుస్తుంది. తాళపత్రాల్లో పదాల మధ్య ఖాళీ లేకపోయినా చదువరులు వాక్యాంతాన్ని గుర్తించారంటే, క్రియ వారికి దారి చూపింది. 'వచ్చాడు', 'చెప్పింది', 'లేదు' వంటి రూపాల తరువాతి చుక్క వాక్యాంతమే. టైపు చేసినవారు చుక్క తరువాత ఖాళీ వదలకపోయినా అక్కడ కోయవచ్చు. 'వచ్చి', 'చెబుతూ' వంటి అసమాపక క్రియలకు ఆకాంక్ష ఉంది, అక్కడ చుక్క కనిపిస్తే అనుమానించాలి. క్రియ లేని వాక్యాలూ మనకు సహజమే: 'ఆయన మా నాన్న.' అందువల్ల సమాపక క్రియ కనిపిస్తే కోయవచ్చు గానీ, కనిపించనంత మాత్రాన కోయకుండా ఉండకూడదు.

కుడివైపు చూడక తప్పని చోటు ఒకటుంది. '"నేను రాను. నువ్వు వెళ్ళు." అని చెప్పింది.' ఇక్కడ 'వెళ్ళు' సమాపక క్రియ, చుక్క ఉంది, ఉల్లేఖన గుర్తు మూసుకుంది. అయినా వాక్యం ముగియలేదు. కోస్తే కుడివైపున 'అని చెప్పింది' దిక్కులేనిదవుతుంది. కాబట్టి మూసిన ఉల్లేఖన గుర్తు వెంట 'అని', 'అంటూ', 'అన్న', 'అన్నాడు' వంటి రూపాలు వస్తే కలిపి ఉంచాలి. ప్రశ్నార్థకానికీ ఇదే నియమం. తెలుగు కథలు, నవలలు, వార్తలు దేనిలోనైనా ఇది తరచు అవసరమవుతుంది. ఇంగ్లీషు కోసం రాసిన ప్రోగ్రాముల్లో దీనికి చోటు లేకపోవడం సహజం, అందుకే మనమే రాయాలి.

నియమాల వరుసకు పాణినీయ సంప్రదాయమే మార్గదర్శకం. ఉత్సర్గం సామాన్య విధి, అపవాదం దానిని బాధించే విశేష విధి. అంకెల మధ్య చుక్క, ఇనీషియల్స్, ముందుకు చూసే పొడి అక్షరాలు, 'అని' ఇవన్నీ అపవాదాలు, వీటిని ముందు పరీక్షించాలి. వీటిలో ఏదీ వర్తించనప్పుడే 'చుక్క ఉంటే కోయి' అనే ఉత్సర్గం. తేల్చలేని చోట కలిపి ఉంచడమే మేలని నా అభిప్రాయం. రెండు వాక్యాలు కలిసి ఉంటే అర్థం చెడదు. ఒక వాక్యం నడిమికి తెగితే రెండు ముక్కలూ చెడతాయి.

నియమాలే ఎందుకు

యంత్రమే స్వయంగా నేర్చుకునే పద్ధతులున్నాయి. కిస్, స్ట్రంక్ 2006లో ప్రకటించిన 'పుంక్ట్' పద్ధతి, ఎవరూ గుర్తులు పెట్టని పాఠం నుంచే పొడి అక్షరాలను పసిగడుతుంది. వారు దాన్ని 11 భాషల మీద పరీక్షించారు. అన్నీ లాటిన్ లిపిలో రాసేవే. ఆ పద్ధతిని నేను గౌరవిస్తాను. పొడి అక్షరాల జాబితా పెంచడానికి అది మనకూ సాయపడుతుంది. కానీ అది తప్పు చేసినప్పుడు కారణం ఎక్కడుందో ఒక తెలుగు ఉపాధ్యాయురాలు తెరిచి చూసి దిద్దలేదు. నియమం అలా కాదు. అది తెలుగు తెలిసిన ఎవరైనా చదవగల వాక్యం. ఉదాహరణ చూపి ప్రశ్నించవచ్చు, సవరించవచ్చు. సవరించిన ప్రతిసారీ మన భాష గురించి ఒక సంగతి లిఖితమవుతుంది.

అందుకే ఈ శాఖను మూడు పనులు కోరుతున్నాను. వార్త, కథ, శాస్త్రగ్రంథం, పద్యవ్యాఖ్యానం, ప్రభుత్వ ఉత్తర్వు వీటన్నిటి నుంచీ పొడి అక్షరాలు సేకరించి, ప్రతిదానికీ అది ముందుకు చూస్తుందా వెనక్కు చూస్తుందా అని రాయండి. చిక్కు చుక్కలున్న భాగాలను ఏరి, వాక్యాంతాలను ఇద్దరు వేర్వేరుగా గుర్తించి, తేడా వచ్చిన చోట చర్చించి తేల్చండి. ప్రతి నియమం పక్కనా అది గెలిచిన ఉదాహరణనూ ఓడిన ఉదాహరణనూ చేర్చి, అందరూ ఉచితంగా వాడుకునేలా ప్రకటించండి. ప్రోగ్రాము రాసేవారు దొరుకుతారు. సమాపక క్రియను చూడగానే గుర్తించేవారు ఈ గదిలో ఉన్నారు. ఈ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఈ విద్యా సంవత్సరంలోనే మొదలవ్వాలి. గురువుగారి పేరిట ఏర్పడిన ఈ నిధిలో కొంత భాగం అందుకు వెచ్చించమని నిర్వాహకులను వినయంగా అడుగుతున్నాను.