బలుపు వేరు, బలము వేరు



రాయలసీమలో పశువుల మాట వచ్చినంతనే పెద్దలకు స్ఫురించునది కరవు. 1876-78 నాటి ధాత కరవు కర్నూలు, కడప, బళ్లారి ప్రాంతములలో మనుష్యులతోపాటు పశువులను కూడ మ్రింగినది. ఎండిన డొక్కలను తరతరములుగా చూచిన ఈ సీమలో నున్నగా బలిసిన ఎద్దు ఇంటికి గౌరవమగుట సహజమే. అట్టిచోట పశువు మితిమీరి బలియుట కూడ కీడే యనినచో కొందరికి హాస్యముగా తోచవచ్చును. కాని అది నిజము.

పూర్వము ఎద్దు మడకకో, గుంటకకో, గొర్రుకో, బండికో కట్టబడెడిది. తిన్న ఉలవలు పొలములోనే కరగిపోయెడివి. ట్రాక్టరు వచ్చిన పిదప కాడి గోడకు చేరినది. ఎద్దు గాడికి చేరినది. పెక్కు ఇండ్లలో పని తగ్గినను దాణా తగ్గలేదు.

రెండవ కారణము పందెము. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోని మహానందిలో శివరాత్రికిని, ఇతర గ్రామములలో ఉగాది, సంక్రాంతి, తిరునాళ్ల సమయములందును బండలాగుడు పోటీలు జరుగును. వానికై పెంచు ఒంగోలు గిత్తలకు ఉలవలు, ప్రత్తిగింజలు మొదలు పాలు, కోడిగ్రుడ్లవరకు పెట్టువారు కలరు. పోటీలు ముగిసి సాధన మానిన పిదప కూడ అదే మేపు సాగినచో పెరుగునది కండ కాదు, క్రొవ్వు.

క్రొవ్వెక్కిన ఎద్దు వేసవి యెండకు త్వరగా రొప్పును. కీళ్లపై, గిట్టలపై బరువు పడును. బలము వచ్చునని ఒక్కసారిగా గంపెడు గింజలు పెట్టినచో అవి పొట్టలో పులిసి ఆమ్లమగును. పశువు మేత విడుచును, పారుకొనును. గిట్టలలోపల వాపు కలిగి కుంటును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును.

ఆవునకు, ఎనుమునకు ఈ అపాయము చూలుకాలమున దాగియుండును. మిక్కిలి బలిసినది ఈనుట కష్టము. ఈనిన పిదప మేత సరిగా తినక, ఒంటి క్రొవ్వు కరగి కాలేయమున చేరును. పాలు తగ్గును, మరల ఎదకు వచ్చుట ఆలస్యమగును.

పరీక్షకు చేయి చాలును. ప్రక్కటెముకలపై అరచేతితో కొద్దిగా ఒత్తవలెను. ఎముకలన్నియు దూరమునుండియే కనబడినచో పశువు చిక్కినది. కంటికి అంతగా కనబడక చేతికి తగిలినచో సరిగా ఉన్నది. గట్టిగా నొక్కినను తగులక, తోకమొదట ఇరువైపుల క్రొవ్వుముద్దలున్నచో మితిమీరినది. వాపును చూచి బలుపనుకొనరాదను సామెతను కూడ మరువరాదు. ఎడమ డొక్క హఠాత్తుగా ఉబ్బినను, దవడక్రింద నీరు చేరినను అది రోగము. వెంటనే పశువైద్యుని పిలువవలెను.

కొలతపట్టీతో బరువును కూడ అంచనా కట్టవచ్చును. ముందరికాళ్ల వెనుక ఛాతి చుట్టుకొలతను అంగుళములలో తీసి, దానిని దానితోనే గుణించి, భుజము కొననుండి పిరుదు ఎముకవరకు గల పొడవుతో మరల గుణించి, 660చే భాగింపవలెను. చుట్టుకొలత 72, పొడవు 60 అంగుళములైనచో బరువు సుమారు 471 కిలోలు.

బలిసిన పశువునకు మందు పస్తు కాదు. హఠాత్తుగా మేత కట్టివేసినచో, ముఖ్యముగా చూలు పశువునకు, కాలేయము చెడును. దాణాను మాత్రము రెండు మూడు వారములలో కొంచెము కొంచెముగా తగ్గించి, జొన్నచొప్ప, ఎండుగడ్డి కడుపునిండ వేయవలెను. నీరు, ఉప్పు, ఖనిజలవణములు తగ్గింపరాదు. చల్లని ప్రొద్దున కొంతదూరము నడిపించుటయో, తేలిక పని చేయించుటయో నిత్యము జరుగవలెను. నిండుచూలాలిని చిక్కింప ప్రయత్నింపరాదు. ఆ సవరణ పాలిచ్చుకాలముననే కావలెను.

ఇందులో మిగులునది పశువు ఆరోగ్యమొక్కటే కాదు. పనిలేని ఎద్దునకు అదనముగా పోయు ఉలవలు, చెక్క దాచినచో, వానలు తప్పిన ఏడు పాడియావునకు, పాలు మరచిన దూడకు ఆధారమగును. వామి తరిగినప్పుడు ఆ గింజల విలువ రైతునకే తెలియును.

గ్రంథాలయము పుస్తకములతోపాటు ఒక కొలతపట్టీని, ఒక లెక్కపుస్తకమును ఉంచినచో మేలు. నెలకొకమారు ప్రతి రైతు తన పశువు కొలతను అందులో వ్రాసినచో, బలుపేదో బలమేదో ఏడాది తిరుగకముందే ఊరికి తెలియగలదు.