బాలల సేవలో విద్యార్థి

పండుగ వచ్చినదన్న, పట్టణములలోని బాలల సంరక్షణ గృహములకు అతిథుల రాక ఎక్కువగును. పండ్ల బుట్టలు, మిఠాయి పొట్లములు, క్రొత్త బట్టలు వచ్చును. పిల్లలు వరుసగా నిలిచి పాట పాడుదురు. వచ్చినవారు వారి నడుమ నిలిచి ఛాయాచిత్రము తీయించుకొని, ప్రొద్దు గ్రుంకకముందే వెడలిపోవుదురు. ఇచ్చినవారి మనసును మనము తప్పుపట్టనక్కరలేదు. మిఠాయి పిల్లలకెప్పుడును తీపియే. కాని వారిలో ఒక్కరైనను మరుసటి వారము మరల వత్తురా యన్నచో సమాధానము దొరకుట కష్టము. ఇట్టి గృహములకు పోయి పిల్లలకు చదువు చెప్పుటకును, వారిని ఆడించుటకును కళాశాలల విద్యార్థులు పలువురు ముందుకు వచ్చుచున్నారు. వారు అచ్చట ఏమి చేయవలెను, అంతకుముందు ఏమి నేర్చుకొనవలెను అనునదే నేటి మన ప్రసంగ విషయము.

విద్యార్థులను సంఘసేవకు పంపుట మన దేశమున క్రొత్త కాదు. గాంధీ మహాత్ముని శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, జాతీయ సేవా పథకము 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభమయ్యెను. అందు చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను; ఏడు దినముల ప్రత్యేక శిబిరమునకు పోవలెను. చెట్లు నాటుట, వీధులు శుభ్రపఱచుట, రక్తదానము మొదలైనవన్నియు ఈ గంటల లెక్కకు చక్కగా ఒదుగును. గుంట త్రవ్విన చేయి ఎవరిదైనను మొక్కకు భేదము లేదు. పిల్లవానికి అట్లు కాదు. వానికి ఆ చేయి ఎవరిదో కావలెను. క్రిందటి వారము వచ్చిన అక్క ఈ వారము రాలేదేమని వాడు అడుగును. గంటలు నింపుకొనుటకై బాలల గృహమునకు పోవు విద్యార్థి అసలు పోకుండుటయే మేలని మా అభిప్రాయము.

ఈ గృహములను లోకము నేటికిని అనాథాశ్రమములనియే పిలుచుచున్నది. అనాథ యనగా దిక్కులేనివాడు. కాని అచ్చటి పిల్లలలో తల్లియో, తండ్రియో, ఒక్కొక్కచో ఇరువురును జీవించియున్నవారు పెక్కురు. త్రాగివచ్చిన తండ్రిచేత దెబ్బలు తిని రైలెక్కి వచ్చినవాడు కలడు. తల్లిదండ్రులు వలసకూలికి పోవుచు, వెంట తీసికొనిపోలేక విడిచిన పిల్ల కలదు. భర్త పోయి, అప్పులు మిగిలి, బిడ్డకు అన్నమును చదువును అబ్బునని తల్లియే తెచ్చి అప్పగించుటయు కలదు. అట్టి పిల్లవానిని దగ్గరకు తీసికొని, "నీకెవరూ లేరు, మేమున్నాం" అనుట ఎంత దయగా తోచినను, బ్రతికియున్న తల్లిని లేనిదానిగా చేయుటయే యగును. కావున అనాథ యను మాటను ఆ ఆవరణలో పలుకరాదని మా విద్యార్థులకు మొట్టమొదట చెప్పుచుందుము. పిల్లవాని పూర్వకథను అడుగరాదనియు చెప్పుదుము. అది వాని సొత్తు. చెప్పదలచిననాడు వాడే చెప్పును. చెప్పకపోయినను లెక్కలు నేర్పుటకు అడ్డము లేదు.

కూడు, గుడ్డ, నిలువ నీడ ఉన్నచో పిల్లలకు చాలదా యను ప్రశ్నను రెండవ ప్రపంచ యుద్ధానంతరము పండితులు శ్రద్ధతో పరిశీలించిరి. ఇంగ్లండు దేశపు మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై, ఇల్లు కోల్పోయిన పిల్లలను గూర్చి వ్రాసిన నివేదిక 1951లో వెలువడినది. శిశువునకు తల్లితోగాని, తల్లివలె నిలిచినవారితోగాని ఎడతెగని బంధము ఆవశ్యకమని దాని సారాంశము. తల్లి బాధ్యతనే ఆయన మితిమీరి నొక్కిచెప్పెనని పిమ్మటివారు ఆక్షేపించిరి; అయినను మూలమైన మాట నిలిచినది. రుమేనియా దేశమున 1989లో చౌషెస్కు ప్రభుత్వము కూలిన తరువాత, అచ్చటి శిశుగృహములలో క్రిక్కిరిసియున్న పిల్లల దుస్థితి లోకమునకు తెలిసెను. 2000 సంవత్సరమున బుఖారెస్టు నగరమున 136 మంది శిశువులపై ఒక పరిశోధన ఆరంభమయ్యెను. వారిలో సగముమందిని సంరక్షక కుటుంబములకు అప్పగించిరి. రెండేండ్లు నిండకముందే కుటుంబములకు చేరిన శిశువులు తక్కినవారికన్న బాగుగా కోలుకొనిరి. గృహములలో మంచములు లేకపోలేదు, దాదులును లేకపోలేదు. ఆ దాదులు వంతులవారీగా మారిపోవుచుండిరి. ఏ శిశువునకును తనదని చెప్పుకొనదగిన ముఖము లేకుండెను.

వారమునకు రెండు గంటలు వచ్చు విద్యార్థి తల్లి కాజాలడు, తండ్రియు కాజాలడు. అట్టి ఆశ కల్పించుట క్రూరమైన పని. అయితే అతడేమి కాగలడు? చెప్పిన వేళకు వచ్చు మనిషి కాగలడు. చిన్న విషయమువలె తోచును గాని, ఎందరో పెద్దలు మాట తప్పగా చూచిన పిల్లవానికి ఇది చిన్నది కాదు. శనివారము నాలుగు గంటలకు వచ్చెదనన్న అన్న శనివారము నాలుగు గంటలకే వచ్చుట, వాని అనుభవమునకు విరుద్ధమైన సంగతి. మొదటి నాలుగైదు వారములు వాడు దానిని నమ్మడు. కలము దాచివేయును. పుస్తకము చించివేయును. "నీ దగ్గర చదవను పో" అని మొగము త్రిప్పుకొనును. కొందరు విద్యార్థులు ఇచ్చటనే నిరుత్సాహపడి, ఆ పిల్లవాడు మొండివాడని తేల్చి, చక్కగా పలుకరించు మఱియొక పిల్లను వెదకుకొందురు. నిజమునకు వాడు పరీక్షించుచున్నాడు. ఇంత చేసినను వచ్చు శనివారము ఈ మనిషి వచ్చునా యనునదే వాని ప్రశ్నపత్రము. మన విశ్వవిద్యాలయముల ప్రశ్నపత్రములకన్న అది కఠినమైనదనవచ్చును.

మఱియొక వంక, వచ్చినది మొదలు ఎదుట కనబడినవారినెల్ల కౌగిలించుకొని, "అక్కా, నన్ను మీ ఇంటికి తీసుకెళ్తావా?" అని అడుగు పసివారుందురు. క్రొత్తవారికి ఇది మిక్కిలి ముచ్చటగా నుండును. తమపై ఎంత ప్రేమ యని పొంగిపోవుదురు. ముక్కు మొగము తెలియనివారిని అట్లు అల్లుకొనుట కొన్నిచో బంధములు తెగినదానికి గుర్తు కావచ్చునని శిశుమనశ్శాస్త్రము ఎఱిగినవారు చెప్పుదురు. "అలాగే, ఎప్పుడో ఒకప్పుడు తీసుకెళ్తాను" అను తీపి అబద్ధము ఇచ్చట పనికిరాదు. "ఇంటికి తీసుకెళ్లలేనమ్మా. వచ్చే శనివారం మాత్రం వస్తాను" అనుటయే తగినది. మేమెఱిగిన విద్యార్థిని యొకతె గోడమీది క్యాలెండరులో తాను వచ్చు దినములను ఆ పిల్లచేతనే సున్నలు చుట్టించెడిది. పరీక్షలు దగ్గరపడినప్పుడు రాని వారములను కూడ ముందుగానే ఆ పిల్లకు చూపి కొట్టివేయించెడిది.

ఒప్పుకొన్న చిన్న పనిని తు.చ. తప్పక చేయుటకు మన తెలుగునాట ఒక మంచి తార్కాణము కలదు. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమువద్ద పదునాలుగేండ్ల బాలిక స్వచ్ఛంద సేవికగా నిలిచియుండెను. టిక్కెట్టు లేనివారిని లోపలికి పోనీయరాదని ఆమెకిచ్చిన ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేక రాగా ఆమె ఆయననును ఆపెను. నిర్వాహకులు టిక్కెట్టు కొనియిచ్చిన పిమ్మటనే పోనిచ్చెను. ఆమెయే తరువాతి కాలమున ఆంధ్ర మహిళాసభను స్థాపించిన దుర్గాబాయమ్మ.

విడువక మరల మరల పోవుటవలన ఎంత కార్యము జరుగునో రంగారెడ్డి జిల్లాలో మనము చూచితిమి. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా పనిచేసిన శాంతా సిన్హాగారి నాయకత్వమున మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను 1991 నుండి అచ్చట బాలకార్మికులను పనినుండి విడిపించి బడికి పంపుటకు పూనుకొనెను. ఆ పనిలో ఊరూర చదువుకొన్న యువకులు, యువతులు స్వచ్ఛందముగా పాల్గొనిరి. ఒకమారు చెప్పినంతనే ఏ తండ్రి కొడుకును పనినుండి మాన్పించును? వారు మరల పోయిరి. యజమానితో మాటలాడిరి, పంచాయతీలో మాటలాడిరి, బడిపంతులుతో మాటలాడిరి. పనినుండి వచ్చిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుటకు ముందుగా శిబిరములలో ఉంచి చదివించిరి. శాంతా సిన్హాగారికి 2003లో రామన్ మెగసెసే బహుమానము లభించినది.

ఇక, విద్యార్థికి ఎదురుకాగల మిక్కిలి కష్టమైన ఘట్టమును గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. నమ్మకము కుదిరిన పిమ్మట ఒకనాడు ఆ పిల్ల, "నీకొక మాట చెప్తాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి అక్కా" అనవచ్చును. ఆ ఒట్టు వేయరాదు. ఇరువది యేండ్ల వయసులో, అంతటి నమ్మకమునకు పాత్రమైన సంతోషములో, వేయకుండుట కష్టమే. "చెప్పు, వింటాను. నీకు ఎవరైనా కీడు చేస్తున్నారంటే మాత్రం, దాన్ని ఆపగలవారికి చెప్పవలసి వస్తుంది" అని ముందుగానే చెప్పవలెను. లైంగిక నేరములనుండి బాలలను రక్షించు చట్టము 2012 నవంబరు 14న, అనగా బాలల దినోత్సవమునాడే, అమలులోనికి వచ్చినది. అట్టి నేరము జరిగినదని తెలిసినవారు ఎవరైనను పోలీసులకు తెలుపవలెనని ఆ చట్టము విధించుచున్నది, తెలుపకుండుట శిక్షార్హము. విద్యార్థి తానే విచారణకు దిగి, ఎప్పుడు, ఎట్లు, ఎన్నిమారులు అని గ్రుచ్చి గ్రుచ్చి అడుగరాదు. పిల్ల చెప్పినంత విని, ఆ మాటలనే జ్ఞాపకముంచుకొని, చెప్పుట మంచిపని యని ధైర్యమిచ్చి, ఆనాడే గృహాధికారికి తెలుపవలెను. గృహములోనివారిపైననే అనుమానమున్నచో నేరుగా పోలీసులకుగాని, 1098 సంఖ్యకుగాని టెలిఫోను చేయవలెను. 1996లో ముంబయిలో ప్రారంభమైన ఆ సేవ నేడు దేశమంతటను ఉన్నది.

ఛాయాచిత్రములనుగూర్చి మొదట ప్రస్తావించితిమి. సంరక్షణలోనున్న బాలుని పేరు, చిరునామా, బడి, చిత్రము ప్రకటించుటను 2015 నాటి బాలల న్యాయ చట్టము నిషేధించుచున్నది. ఆరు మాసముల వఱకు జైలో, రెండు లక్షల రూపాయల వఱకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. సెల్‌ఫోను చేతనున్న కాలమున ఈ మాట ఎన్నిమారులు చెప్పినను తక్కువయే.

అందువలన విద్యార్థులను పంపుటకు ముందు కళాశాల వారికి తర్ఫీదు ఇవ్వవలెను. మేము అనుసరించు పద్ధతిలో మొదటి రెండుమారులు విద్యార్థి ఏ పనియు చేయక, అచ్చటి పెద్దలు పిల్లలతో మెలగు తీరును చూచును. ఒంటరిగా ఎవరిని పంపము. ఇరువురు జతగా పోవుదురు. పిల్లవానితో తలుపు వేసిన గదిలో కూర్చుండుట లేదు. ఒక సంవత్సరము రాగలనన్న వారినే తీసికొందుము. దీనివలన పేర్లిచ్చువారి సంఖ్య తగ్గును. తగ్గనిండు.

తుదకు చదువు ముగించి విద్యార్థి ఊరు విడుచు సమయము వచ్చును. ఇది ఎక్కువగా ఎవరును పట్టించుకొనని విషయము. మార్చి మాసములో ఒకనాడు వచ్చుట మానివేసి, పిమ్మట ఉద్యోగమువచ్చిన వార్త మాత్రము పంపుట తఱచు జరుగుచున్నది. పిల్లవానికి ఇది మఱియొక విడిచిపోవుట. కనీసము ఒక మాసము ముందుగా చెప్పవలెను; క్యాలెండరులో చివరి దినమును చూపవలెను. తరువాత రాబోవు విద్యార్థిని రెండు వారములు వెంటబెట్టుకొని వచ్చి, ఏ లెక్కవద్ద ఆగినది, ఏ ఆట యిష్టము అనునవి వ్రాసిన పుస్తకమును అతని చేతికి పిల్లవాని ఎదుటనే ఇవ్వవలెను. చివరి దినమున కొందరు పిల్లలు అలిగి బయటకు రారు. పిలిచినను పలుకరు. అప్పుడును ఆ రెండు గంటలు వరండాలోనే కూర్చుండి, వేళ ముగిసిన పిమ్మటనే విద్యార్థి లేవవలెను.