మామూలు రోజు ఫోటో

(జీడిమెట్లలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడున్న వాళ్ళలో చాలామంది ఈ ఫ్యాక్టరీలలో ప్యాకింగ్ పని చేసేవాళ్ళు, వాళ్ళతో కలిసి తిరిగే కార్యకర్తలు. మీ ఫోటోలేవీ అంటే ఆధార్ కార్డు, గేటు పాసు, పెళ్ళి ఆల్బం చూపిస్తారు. ఫోన్లో వందలున్నాయంటారు. కానీ పనిచేస్తుండగా తీసినది ఎంతమందికి ఉంది?

1996 నవంబరు 6 తుఫాను తర్వాత సహాయ బృందంతో తూర్పుగోదావరి తీరానికి వెళ్ళాను. ఇసుకలో కూర్చుని ఏడుస్తున్న ఒక మత్స్యకార స్త్రీని ఫోటో తీశాను. ఆమెను అడగలేదు. అది మా నివేదిక అట్టమీద వచ్చింది. కొన్ని నెలల తర్వాత మళ్ళీ వెళితే ఆమె అన్న మాట ఇది: "ఏటకెళ్ళిన మా ఆయన తిరిగి రాలేదమ్మా. డబ్బుల కాగితానికి ఆయన ఫోటో తెమ్మన్నారు. మా ఇంట్లో ఒక్కటీ లేదు. నేనేడ్చింది మాత్రం మీ పుస్తకం మీదుంది."

సముద్రతీరం అంటే మనకు తుఫాను, లేదా క్యాలెండరులో సూర్యోదయం. పల్లె అంటే కరువు, లేదా పండుగ. మధ్యలో ఉన్న మామూలు రోజులు ఎవరికీ పట్టవు. భీమిలిలో చేపల గంపతో బస్సు కోసం నిలబడ్డ స్త్రీ, ఎండుచేపలు తిరగేసే ముసలమ్మ, వల బాగుచేసే చేతులు - బతుకంతా అక్కడే ఉంది. ఆమె పనికీ, ఆ గట్టు మీద ఆమె చోటుకీ అదే సాక్ష్యం. ఉప్పాడలో లాగా సముద్రం ఊరిని కోసుకుపోతున్నచోట, ఇల్లు ఎక్కడుండేదో చెప్పడానికి పాత ఫోటో ఒక్కటే మిగలవచ్చు.

2022లో మరణించిన గుడిమల్ల భరత్ భూషణ్ తెలంగాణ పల్లెల గోడలను, తలుపులను, స్త్రీలను ఏళ్ళ తరబడి ఓపికగా తీశారు. అయితే కెమెరా ఎవరి చేతిలో ఉందన్నది కూడా మన ప్రశ్నే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు వీడియో కెమెరా నేర్చుకున్నారు. పైనుంచి కిందికి చూపే దృశ్యానికి వాళ్ళు పెట్టిన పేరు 'పటేల్ షాట్'. కింది నుంచి తలెత్తి చూసేది జీతగాడి చూపు. కళ్ళకు కళ్ళు ఎదురుగా ఉండేది 'సంఘం షాట్'. ఎందుకంటే సంఘంలో అందరూ నేలమీద సమంగా కూర్చుంటారు.

ఆనాడు నేను నిలబడి తీశాను. ఆమె ఇసుకలో కూర్చుని ఉంది. నాది పటేల్ షాటే.

కాబట్టి నేను కోరేది మూడు పనులు. అడిగి తీయండి, వద్దంటే కెమెరా దించండి. తీసిన ఫోటో ఒక కాపీ ఆమెకే ఇవ్వండి. కష్టం వచ్చిన రోజునే కాక, ఏమీ జరగని రోజున కూడా వెళ్ళండి. జీడిమెట్ల అక్కలారా, లోపలికి ఫోన్లు రానివ్వకపోతే షిఫ్టు వదిలే వేళ గేటు బయట ఒకరినొకరు తీసుకోండి. వెనుక తేదీ, పేరు, చేసే పని రాసి పెట్టుకోండి. రేపు ఎవరైనా "నువ్వు ఇక్కడ పనిచేశావా?" అని అడిగితే, చూపించడానికి మన దగ్గర కూడా ఒకటి ఉండాలి.