ధారణకు తావులెన్ని?

ఘనాపాఠీలు పుట్టిన కోనసీమలో నిలబడి జ్ఞాపకం గురించి మాట్లాడాలంటే ముందు నా పక్షం తేల్చి చెప్పాలి. జ్ఞాపకం ఒకే శక్తి కాదు. వేదాన్ని ఘన పద్ధతిలో చెప్పే పండితుడూ, అవధానం చేసే కవీ, బండారులంక మగ్గం మీద నాడె ఆడించే నేతకారుడూ మెదడులో వేర్వేరు భాగాల మీద ఎక్కువగా ఆధారపడతారు. ఒకటి చెడినా మరొకటి నిలవవచ్చు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి శస్త్రచికిత్స చేసి, రెండువైపులా కణతల లోపలి భాగాన్నీ, అందులోని హిప్పోకాంపస్‌ను చాలామేరకూ తీసేశారు. ఆ తర్వాత కలిసిన మనుషులు, జరిగిన సంగతులు ఆయనకు నిలవలేదు. అయినా ఆయనను పరీక్షించిన మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అద్దంలో చూస్తూ నక్షత్రం గీయమంటే, మూడు రోజుల్లో చేయి తిరిగింది. ఆ పని అంతకుముందు చేశానన్న సంగతే ఆయనకు గుర్తులేదు! చేతి నేర్పుకు ఆధారం వేరు: మెదడు లోతున ఉన్న బేసల్ గ్యాంగ్లియా, వెనుకనున్న చిన్నమెదడు.

వేదపాఠం ఇంతకంటే చిక్కైనది. ఘనలో మొదటి రెండు పదాలు ముందుకు, వెనక్కు చెప్పి, మూడోదాన్ని కలిపి మళ్లీ ముందుకు, వెనక్కు, ముందుకు నడవాలి. స్వరం ఎక్కడా తప్పకూడదు. నోరు, చెవి, వరుస, అన్నీ పనిచేస్తాయి. హర్యానాలోని మానేసర్‌లో 21 మంది యజుర్వేద పండితుల మెదళ్లను అంతమంది ఇతరుల మెదళ్లతో పోల్చిన అధ్యయనం 2016లో వెలువడింది. పండితుల్లో భాషకు, వినికిడికి సంబంధించిన కణతల భాగాల్లోనూ, హిప్పోకాంపస్‌లోనూ తేడాలు కనిపించాయి. సాధన వల్లే ఇలా మారిందా, అలాంటి మెదడున్నవారే ఆ చదువులో నిలిచారా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఒక్కసారి తీసిన స్కాను దానికి జవాబివ్వదు. పిల్లవాడు పాఠశాలలో చేరినప్పుడూ, చదువు ముగిశాకా చూడాలి. కాని నా వాదానికి ఆ జవాబు అవసరం లేదు. తేడా మెదడంతటా ఒకే తీరుగా లేదన్నదే నాకు కావలసిన సాక్ష్యం.

అవధాని పని మరొకటి. పృచ్ఛకుడు వద్దన్న అక్షరాలు తప్పిస్తూ పద్యం అల్లే నిషిద్ధాక్షరి నడుస్తుండగానే మోగే గంటలు లెక్కపెట్టాలి, అప్రస్తుత ప్రసంగికి బదులివ్వాలి. అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచే ఈ పనిలో నుదుటి వెనుకనున్న ప్రీఫ్రంటల్ భాగానిది పెద్ద పాత్ర. చివర పద్యాలన్నీ ధారణ చేసేటప్పుడు హిప్పోకాంపస్ కూడా కలిసిరావాలి. మరి అన్నీ కలిసే పనిచేస్తుంటే విడదీయడం ఎందుకని ఆక్షేపణ. కలిసి పనిచేయడం ఒకటి, ఒకటే కావడం వేరొకటి. మొలైసన్ చేయి ఆ తేడా చూపింది.

ఈ తేడా తెలియక మన ఇళ్లలో పెద్దలకు అన్యాయం జరుగుతోంది. అల్జైమర్స్ సాధారణంగా హిప్పోకాంపస్‌నూ, దాని పరిసరాలనూ తొలిదశలోనే తాకుతుంది. చిన్ననాటి పద్యం తడుముకోకుండా చెప్పిన తాతగారు పొద్దున భోంచేసిన సంగతి మరిచిపోతే, నటిస్తున్నారని విసుక్కుంటాం. ఆయన నటించడం లేదు. వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లినప్పుడు పాత పద్యం అప్పజెప్పారని ధైర్యపడి ఊరుకోకండి. ఈ వారం ఏమేం మరిచారో, అడిగిందే ఎన్నిసార్లు అడిగారో రాసిపెట్టుకుని చెప్పండి.