ఇంటికీ ఓ మార్కుల చీటీ

అమెరికాలో ఇల్లు కొనబోయే మనవాళ్లు వాస్తు చూస్తారు, స్కూలు చూస్తారు. ఆ ఇల్లు ఎంత ఇంధనం తాగుతుందో మాత్రం చాలామంది అడగరు. అది చెప్పే కొలత ఒకటుంది, హెర్స్ ఇండెక్స్. రెస్‌నెట్ సంస్థ దీన్ని నడుపుతోంది.

2006 నాటి ఇంధన నియమావళి ప్రకారం కట్టే నమూనా ఇంటికి 100 వేస్తారు. మీ ఇంటికి 70 వస్తే, దానికంటే 30 శాతం పొదుపు. 130 వస్తే 30 శాతం దండగ. ఏడాదికి వాడుకున్నంత ఇంధనం తానే తయారుచేసుకునే ఇంటికి సున్నా. బడిలోలా కాదు, ఇక్కడ మార్కులు తగ్గినకొద్దీ మేలు.

పరీక్ష ఎలా చేస్తారు? ఇంటికి స్కోరు వేసే రేటర్ వచ్చి కిటికీలన్నీ మూయించి, వీధి గుమ్మానికి గుడ్డ తెర బిగించి, అందులో పెద్ద ఫ్యాను అమరుస్తారు. అది లోపలి గాలిని బయటికి తోడేస్తుంది. లోపలికీ బయటికీ పీడనంలో తేడా 50 పాస్కల్స్‌కు చేరాక గోడమీది ప్లగ్గు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. సన్నటి గాలి వేళ్లకు తగులుతుంది. మీ డబ్బు పోతున్న దారి అదే!

ఏసీ గొట్టాల లీకులు, అటకమీది ఇన్సులేషన్, కిటికీలు, వాటర్ హీటర్ కూడా లెక్కలోకి వస్తాయి. ఇంట్లో నిప్పుగూడు (ఫైర్‌ప్లేస్) ఉంటే పరీక్షకు ముందురోజే ఆర్పి, బూడిద తీసేయండి.

కొత్త ఇల్లయితే బిల్డరును స్కోరు అడగండి. పాత ఇల్లయితే సోలార్ పలకలకన్నా ముందు సందులు పూడ్చండి. చిల్లికుండలో ఎన్ని నీళ్లు పోస్తే మాత్రం ఏం లాభం?